చీమకుర్తి క్వారీలో బయటపడిన యంత్రానికి ఏ పేరు పెట్టాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పొదిలి నుంచి మొదటి నవల రాస్తున్నారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో బాగా లోతున పనివాళ్ళకు ఒక యంత్రం బయటపడుతుంది. మనిషి పుట్టకముందే వేరే నక్షత్రం నుంచి వచ్చినవాళ్ళు దాన్ని అక్కడ వదిలి వెళ్ళారు. ఇల్లంత గుండ్రటి దిమ్మ, నడుమ గుంట, గుంటలో దానంతట అది తిరిగే స్తంభం. దానికి నాలుగు పేర్లు అనుకున్నారు: జెనోట్రాన్-9, మహాకాలచక్రం, కాలయంత్రం, క్ర్జాల్. ఏది బాగుందని అడిగారు.

నాలుగూ వద్దు. ఎందుకు వద్దో చెప్పి, మీ కథకు సరిపడే పేరు ఒకటి ఎలా పుడుతుందో చూపిస్తాను. ముప్ఫై రెండేళ్ళు కందుకూరు, కనిగిరి వైపు బడుల్లో తెలుగు పాఠాలు చెప్పాను. ఆ పక్కనే పిల్లల కోసం, పెద్దల కోసం సైన్సు కథలు రాస్తూ వచ్చాను. పేర్ల దగ్గర నేను పడ్డంత అవస్థ కథ దగ్గర కూడా పడలేదు. అందుకే ఈ సమాధానం కొంచెం పొడుగు.

ముందు క్ర్జాల్ సంగతి. గ్రహాంతరవాసుల భాష మన నోటికి పలకరానిదిగా ఉండాలని మీరు అనుకున్నారు. ఆలోచన సబబే. కానీ తెలుగు లిపిలో ఒకే క కు ర ఒత్తు, దాని పక్కనే జ ఒత్తు, పైన దీర్ఘం, చివర పొల్లు చూసిన పాఠకుడు దాన్ని చదవడు. బొమ్మలా చూసి దాటిపోతాడు. మూడు వందల పేజీల నవలలో ఆ మాట నాలుగు వందల సార్లు వస్తే, నాలుగు వందల సార్లూ దాటిపోతాడు. పలకని పేరు మనసులో నిలవదు. ఇంగ్లీషు పుస్తకాలను చూసి పేరు మధ్యలో పైన అపాస్ట్రఫీ అనే కొమ్ము పెట్టడం కూడా మనవాళ్ళకు అలవాటైంది. 2017లో హవాయిలోని దూరదర్శిని మన సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిన మొదటి వస్తువును పట్టుకున్నప్పుడు దానికి హవాయి భాషలో ‘ఔమువామువా’ అని పేరు పెట్టారు. ఆ పేరుకు ముందు కొమ్ములాంటి గుర్తు ఒకటి ఉంటుంది. హవాయి భాషలో అది అలంకారం కాదు, గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదిలే నిజమైన హల్లు. అలాంటి హల్లు తెలుగులో లేదు కాబట్టి ఆ కొమ్ము మన పేజీ మీద ఏ పనీ చేయదు.

జెనోట్రాన్-9 వేరే రకం తప్పు. ‘జెనో’ గ్రీకులో పరాయి అనే అర్థం ఇస్తుంది. ‘ట్రాన్’ అనే తోక ఎలక్ట్రాన్ నుంచి వచ్చింది, ఆ తర్వాత సైక్లోట్రాన్ లాంటి ఇరవయ్యో శతాబ్దపు పరికరాలకు అంటుకుంది. అంటే ఈ పేరు వినగానే ప్రయోగశాల గుర్తొస్తుంది, తెల్లకోటు గుర్తొస్తుంది. కోట్ల ఏళ్ళ నాటి వస్తువు ఎక్కడా గుర్తు రాదు. మహాకాలచక్రంలో సంస్కృతం ఎక్కువై బరువు పెరిగింది. చంద్రయాన్, మంగళయాన్, ఆదిత్య అని వినీ వినీ, ఇలాంటి పేరు వినగానే ఇది ఏదో ప్రభుత్వ పథకమో ఉపగ్రహమో అనుకునే కాలం వచ్చింది. మీ కథలో ఢిల్లీ అధికారులు పేరు పెట్టే ఘట్టం ఉంటే దాన్ని వాళ్ళకు ఇవ్వండి, అక్కడ చక్కగా అమరుతుంది. కాలయంత్రం గురించి చెప్పడానికి ఏమీ లేదు, అది ఇప్పటికే టైం మెషీన్‌కు వాడుతున్న పేరు.

చాలా ఏళ్ళ కిందట నేనూ ఒక కథలో యంత్రానికి త్రికాలభేదిని అని పేరు పెట్టాను. అప్పట్లో ఎంతో గర్వపడ్డాను. ఒక వారపత్రికకు పంపితే కథ తిరిగి వచ్చింది. అంచున పెన్సిలుతో ఒకే ప్రశ్న రాసి ఉంది: ‘ఈ పేరు ఎవరు పెట్టారు?’ నా దగ్గర జవాబు లేదు. కథలో ఆ యంత్రాన్ని చూసినవాళ్ళు గొర్రెల కాపరులు. వాళ్ళలో ఎవరూ త్రికాలభేదిని అనరు. తయారు చేసినవాళ్ళకు సంస్కృతం రాదు. మరి ఆ పేరు ఎక్కడి నుంచి ఊడిపడింది? నా బల్ల మీద నుంచి. ఆ పెన్సిలు ప్రశ్నే అప్పటి నుంచి నాకు గురువు, మీకు చెప్పదలచుకున్నదీ అదే. పేరు ఏది బాగుందని అడగడం ఆపి, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఆ తర్వాత అది ఎన్ని నోళ్ళలో నలిగింది అని అడగండి.

లోకంలో నిజంగా జరిగిందీ ఇదే. గ్రీసు దేశంలో ఆంటికిథెరా అనే చిన్న దీవి దగ్గర సముద్రంలో మునిగిన పాత ఓడలో, 1901లో స్పాంజ్ ఏరే గజ ఈతగాళ్ళకు కంచు పళ్ళచక్రాల ముద్ద దొరికింది. రెండు వేల ఏళ్ళకు పైబడిన పరికరం అది, సూర్యచంద్రుల గతులను లెక్కగట్టేది. చేసినవాళ్ళు దాన్ని ఏమని పిలిచారో ఎవరికీ తెలియదు. లోకానికి అది ఆంటికిథెరా యంత్రం, దొరికిన చోటు పేరే దాని పేరు. 1967లో ఆకాశం నుంచి తప్పకుండా కొట్టుకునే రేడియో స్పందన మొదటిసారి దొరికినప్పుడు, కేంబ్రిడ్జిలో దాన్ని పట్టుకున్నవాళ్ళు ‘లిటిల్ గ్రీన్ మెన్’, అంటే ‘చిట్టి పచ్చ మనుషులు’, అనే మాటకు పొట్టి అక్షరాలు కట్టి ఎల్‌జీఎం-1 అని తమలో తాము పిలుచుకున్నారు. తర్వాత అది పల్సార్, అంటే గిరగిరా తిరిగే ఒక రకం నక్షత్రం, అని తేలింది, పట్టికలో ఒక అంకెగా మారింది. ఇందాక చెప్పిన హవాయి అతిథికీ ముందు తోకచుక్కల పట్టికలో సి/2017 యు1 అని అంకె వేశారు, తర్వాత అది మారింది, ఆ పైన పేరు వచ్చింది. 2019లో వచ్చిన రెండో అతిథికి కనుక్కున్న మనిషి పేరు, 2025లో వచ్చిన మూడో అతిథికి దాన్ని చూసిన దూరదర్శిని వ్యవస్థ పేరు పెట్టారు. ఒక్కో పేరు వెనక ఒక్కో చేయి. ఆ చేయి కనిపిస్తేనే పేరు నమ్మబుద్ధవుతుంది.

ఇక మన నేల మీదికి వద్దాం. పెద్ద పెద్ద బండలు నిలబెట్టి పైన మరో బండ కప్పిన ఇనుప యుగపు సమాధులు తెలుగు నేలంతా ఉన్నాయి. వాటిని మన జనం రాక్షస గుళ్ళు అన్నారు, పాండవ గుళ్ళు అన్నారు. ఇంతటి బండలు మామూలు మనుషులు ఎత్తలేరు, కాబట్టి రాక్షసులైనా ఎత్తి ఉండాలి, భీముడైనా ఎత్తి ఉండాలి. గ్రీకులూ అంతే, తాతముత్తాతలు కట్టిన రాతిగోడలు చూసి ఒంటికన్ను రాక్షసులు కట్టారన్నారు. కట్టినవాడు ఎవరో తెలియనప్పుడు ఊరు ఊరుకోదు, తనకు తెలిసిన కథలోంచి ఒకరిని తెచ్చి నిలబెడుతుంది. మీ యంత్రం విషయంలోనూ అదే జరగాలి.

కానీ అలా జరగాలంటే మీ కథలో ఒక చిక్కు విప్పాలి. యంత్రం లోతున రాతి కడుపులో ఉంటే, క్వారీ తవ్వేదాకా దాన్ని ఎవరూ చూడలేదు. చూడని వస్తువుకు పాత పేరు ఎలా వస్తుంది? పైగా చీమకుర్తి రాయిని మనం గ్రానైట్ అని అమ్ముతున్నాం గానీ, శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, భూమి లోపల కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడినది. ఆ ద్రవం వేడి వెయ్యి డిగ్రీల పైమాట. రాయి గట్టిపడకముందే యంత్రం అందులో ఉందంటే, చదువుకున్న పాఠకుడు మొదటి అధ్యాయంలోనే పుస్తకం మూసేస్తాడు. రాయి వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. కాబట్టి వచ్చినవాళ్ళు చల్లారిన రాతిలోకి, పై నుంచి, బావి తొలిచినట్టు తొలిచి యంత్రాన్ని దించారని రాయండి. దాని పై అంచు మాత్రం నేలమట్టాన, గడ్డిలో, గుండ్రటి నల్లటి వలయంలా యుగాలుగా కనిపిస్తూ ఉంటుంది. వానాకాలం గుంటలో నీళ్ళు నిలుస్తాయి, మేకలు తాగుతాయి. అప్పుడు ఊరికి ఒక పేరు పెట్టే అవకాశం వస్తుంది. క్వారీ చేసే పనల్లా దాని పక్కలు బయటపెట్టడమే.

గుండ్రటి రాతి అంచు, నడుమ గుంట, గుంటలో నిలువుగా ఒక కడ్డీ. దీన్ని చూసిన తెలుగు ఇల్లాలు ఏమంటుంది? రోలు అంటుంది. ఆమెకు వేరే మాట తట్టదు. మా పెరట్లో అంచు విరిగిన రుబ్బురోలు ఒకటి ఇప్పటికీ ఉంది. పొత్రం ఎప్పుడో పోయింది, గుంటలో పిచ్చుకల కోసం నీళ్ళు పోస్తాం. మీ వర్ణన చదువుతుంటే నా కళ్ళ ముందు అదే మెదిలింది. నాగలి, కవ్వం, రోలు లాంటి పనిముట్ల పేర్లన్నీ పొట్టివి. చేతిలో పట్టుకునే వస్తువు పేరు నోటికీ అలాగే అందాలి. మీ యంత్రం ఎంత పెద్దదైనా దాని పేరు ఈ కుదురులో నుంచి రావాలని నా గట్టి అభిప్రాయం.

రోలు అనే మాటలో మరో మహిమ ఉంది, దాన్ని కొంచెం దగ్గరగా చూడండి. రోలులో అని రాస్తే తెలుగు చెవికి ఇబ్బందిగా ఉంటుంది, రోటిలో అంటాం. నాగలి అయితే నాగటి చాలు. నోరు అయితే నోటి మాట. ఏరు అయితే ఏటి ఒడ్డు. కుందేలుకు కుందేటి కొమ్ము, తాబేలుకు తాబేటి చిప్ప, వాకిలికి వాకిటి ముగ్గు. విభక్తి చేరేముందు ఈ మాటలు ఇలా ఒళ్ళు విరుచుకుని రూపం మార్చుకుంటాయి. కొత్తగా వచ్చిన మాటలు మార్చుకోవు. కారు కూడా రు తోనే ముగుస్తుంది, అయినా కాటిలో ఎక్కాం అని ఎవరూ అనరు, కారులోనే ఎక్కుతాం. బారు, హోటలు, రైలు, ఏవీ మారవు. అంటే ఒక మాట ఈ నేల మీద ఎన్ని తరాలుగా ఉందో దాని నడకే చెబుతుంది. మీ యంత్రం పేరు ఇలా నడిచిందంటే, ఇది చాలా పాతది అని మీరు ఒక్క వాక్యం కూడా రాయనక్కరలేదు. పాఠకుడికి వ్యాకరణం తెలియకపోయినా చెవికి తెలుస్తుంది. ఇంతటి సాధనం మన భాషలో ఉండగా అరువు ధ్వనుల కోసం వెతకడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు రోలుకు ముందు ఏమి చేర్చాలి? చీమకుర్తి రాయిని లోకమంతా బ్లాక్ గెలాక్సీ అంటుంది. నల్లటి నేల మీద బంగారు చుక్కలు, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. మెరుగుపట్టిన పలకను ఎండలో వంచి చూడండి, అమావాస్య రాత్రి మేడ మీద పడుకుని చూసే ఆకాశమే. గెలాక్సీ అనే మాట గ్రీకులో పాల నుంచి వచ్చింది, మన పాలపుంత లాగే. పాలపుంతకు ఆకాశగంగ అనే పేరూ ఉంది. ఆ ఆకాశగంగకు అచ్చ తెలుగులో మన కవులు వాడిన మాట మిన్నేరు. మిన్ను అంటే ఆకాశం, దాని ఏరు. పాత రాతలో అయితే మిన్నేఱు, బండి ఱ తో. విభక్తికి ముందు అది మిన్నేటి అవుతుంది.

మిన్నేటి రోలు.

ఒక్కసారి పైకి అనండి. ఆకాశపు ఏటి ఒడ్డు నుంచి ఎవరో తెచ్చి దించిన రోలు. ఇది ఎవరు పెట్టారు? ఆ గుంటలో రాత్రిపూట నిలిచిన నీళ్ళలో చుక్కలు చూసిన మనిషి, వెయ్యేళ్ళ కిందట, ఇదే నేల మీద. ఇదే దానికి మొదటి పేరు అనుకోండి. అయితే నవలంతా ఈ పేరే వాడితే మళ్ళీ నా త్రికాలభేదిని లాగే అవుతుంది, మరీ నిగనిగలాడుతోంది. దీన్ని అరగదీయాలి.

అరగదీయడం ఎలాగో మన భాషే నేర్పుతుంది. మ్రాను మాను అయింది, క్రొత్త కొత్త అయింది, ప్రొద్దు పొద్దు అయింది. వంగవోలు ఒంగోలు అయింది. పాత శాసనాల్లో ఉండే ఴ అనే అక్షరం మన నోట నిలవక మాయమైంది, అందుకే తమిళులకు చోళులైనవాళ్ళు మనకు చోడులయ్యారు. తిక్కన ఉన్న నెల్లూరును ఏలిన మనుమసిద్ధి ఆ తెలుగు చోడుల వంశమే. పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన ఉన్న సరస్సును చూడండి: తమిళంలో పళవేర్కాడు, ఇంగ్లీషులో పులికాట్, తెలుగులో ప్రళయకావేరి. నీళ్ళు ఒకటే, పేర్లలో మాత్రం ఒకచోట అడవి, ఒకచోట పులి, ఒకచోట ప్రళయం వినిపిస్తాయి. ఎవరి చెవికి ఏది తెలిసిన మాటో దాన్నే వాళ్ళు విన్నారు.

మిన్నేటి రోలును కూడా ఇలాగే వదిలేయండి. వేగంగా అంటే మినటిరోలు. మరో రెండు తరాలకు మినరోలు. అప్పటికి మిన్ను అనే మాట రోజువారీ వాడుకలోంచి జారిపోయి ఉంటుంది. మిన అంటే ఏమిటి? ఊళ్ళో పిల్లవాడు అడుగుతాడు. అవ్వకు తెలిసిన మిన ఒక్కటే, మినుములు. అది మినపరోలురా, రాక్షసి మినుములు రుబ్బుకున్న రోలు, అందుకే అంత నల్లగా ఉంది అంటుంది. కథ పూర్తయింది. రాక్షస గుళ్ళ దారిలోనే, మన ఇళ్ళలో జరిగే తీరులోనే ఊరు దానికి ఒక సొంతదారును వెతికి పెట్టింది. మినుముల నలుపు, రాతి నలుపు, ఆకాశపు నలుపు ఒకే మాటలో కలిశాయి. అసలు నిజం, అంటే అది ఆకాశం నుంచి వచ్చిందన్న సంగతి, పేరులోనే ఉండి కూడా ఎవరికీ కనబడకుండా పోయింది. మీ కథానాయిక దాన్ని విప్పే రోజు వరకు అలాగే ఉండనివ్వండి.

నేను మీకు ఇచ్చే పేరు ఇదే, మినరోలు. క్లుప్తంగా ఉంది. ఏ వయసు తెలుగువాడైనా పలుకుతాడు. మినరోటి దగ్గర, మినరోటిలో, మినరోటి నుంచి అని నడుస్తుంది. రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవడం ఎందుకనే సామెత మనకు ఉండనే ఉంది. గుంటలోకి దిగబోతున్న మనిషి నోట ఆ సామెతను ఒక్కసారి, సరైన చోట పెడితే పాఠకుడి ఒళ్ళు జలదరిస్తుంది.

పేరు అరిగిన జాడలు కథలో అక్కడక్కడ కనిపించాలి కదా, వాటికి మన ప్రాంతంలో దొరికే సరుకు చాలా ఉంది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. దర్శి, పొదిలి, కనిగిరి, ఒంగోలు శాసనాలు కూడా అందులో ఉన్నాయి, ఎందుకంటే అప్పట్లో అవన్నీ నెల్లూరు కింద లెక్క. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది. ఆ సంపుటాలు తెరిచి దానశాసనాలు చదవండి. పొలం దానం ఇచ్చేటప్పుడు ఎల్లలు చెబుతారు: తూర్పున ఫలానా చెరువు, పడమర ఫలానా పుట్ట, ఉత్తరాన ఫలానా గుండు. మీ యంత్రం పేరు మొదటిసారి అలాంటి జాబితాలో, ఏ ఆర్భాటమూ లేకుండా, పొలం గట్టుగా కనిపించాలి. దక్షిణాన మిన్నేటి రోలు. అంతే. శాసనంలో దాన్ని పొగుడుతూ పద్యం రాయాలని మీకు అనిపిస్తుంది, రాయకండి. క్రీ.శ. 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది, అది పండరంగడనే సేనాని విజయాల కోసం చెక్కింది. యంత్రం అప్పటికి ఎవరికీ పట్టని రాయి. పొలం గట్టుగా ఉంటేనే నమ్ముతాం.

ఆ తర్వాతి మజిలీ కైఫీయత్తులు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రెండు వందల ఏళ్ళ కిందట మనుషులను ఊళ్ళకు పంపి, కరణాల దగ్గర, పెద్దల దగ్గర ఊరి చరిత్రలు రాయించాడు. ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతూ మొదలయ్యేవి వాటిలో ఎన్నో. మీ ఊరి కైఫీయత్తు ఒకటి కల్పించి, అందులో రాక్షసి మినుముల కథ నాలుగు వాక్యాల్లో చెప్పించండి. ఇంకో మజిలీ ఇంగ్లీషు సర్వేయరు పటం. అతను విన్నది విన్నట్టు మినారోల్ అని రాసుకుంటాడు. నూరేళ్ళ తర్వాత ఢిల్లీ నుంచి వచ్చిన పండితుడు ఆ పటం చూసి, ఇక్కడ ఒకప్పుడు మినారు ఉండేదేమో అని వారం రోజులు పునాదుల కోసం వెతుకుతాడు. అతన్ని వెటకారం చేయకండి. అతని దగ్గర ఉన్న ఆధారానికి అతని ఊహ సరైనదే.

క్వారీలో పనిచేసేవాళ్ళు ఏమంటారన్నది వేరే సంగతి. చీమకుర్తికి నేను చాలాసార్లు వెళ్ళాను. ఒక ఉదయం ఒక పెద్దాయన కోసి పెట్టిన బ్లాకు మీద సుత్తితో తడుతూ, చెవి దగ్గర పెట్టి వింటూ వెళుతున్నాడు. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల చీలిక ఉంటే శబ్దం చచ్చిపోతుంది. ఒకచోట ఆగి రెండోసారి తట్టి, ‘ఇది పలకదు’ అన్నాడు. సుద్దతో గుర్తు పెట్టి ముందుకు కదిలాడు. రాయి పలుకుతుంది, పలకదు, అంతకు మించిన మాట ఆయనకు అక్కరలేదు. మీ యంత్రాన్ని మొదట తాకేది అలాంటి సుత్తి. ఏ బండనైనా పలికించే మనిషికి ఈ వస్తువు మీద కొట్టినప్పుడు శబ్దం అసలు రాకపోతే? ఇది పలకదు అనే మాటే క్వారీ అంతా దాని పేరుగా తిరుగుతుంది. ఆ మనుషులు కొత్త వస్తువుకు పేరు పెట్టడంలో ఎవరికీ తీసిపోరు. తవ్వే యంత్రాన్ని, పొక్లెయిన్ అనే దాని కంపెనీ పేరును కాస్త తిప్పి, ప్రొక్లెయిన్ అన్నారు, ఇప్పుడు ఏ కంపెనీది వచ్చినా అది ప్రొక్లెయినే. జేసీబీ కూడా అంతే. తిరిగే స్తంభాన్ని వాళ్ళు పొత్రం అంటారని నాకు అనిపిస్తోంది.

శాస్త్రవేత్తల కాగితాల్లో మాత్రం చీమకుర్తి యంత్రం అని ఉండాలి. దొరికిన చోటు పేరు, అంతకు మించి వాళ్ళు సాహసించరు. ఇక్కడ మీకు ఇంకో అవకాశం ఉంది, దాన్ని వదులుకోవద్దు. యంత్రం అనే మాట విన్న ఇంజనీరుకు మర గుర్తొస్తుంది. అదే మాట విన్న పల్లెటూరి పెద్దకు రాగిరేకు గుర్తొస్తుంది. గుడిలో విగ్రహం ప్రతిష్ఠించేటప్పుడు పీఠం కింద గీతలు చెక్కిన రేకు పెడతారు, అదీ యంత్రమే. పోలేరమ్మ తిరునాళ్ళ నాడు కలెక్టరు మైకులో ‘మీ ఊరి కింద యంత్రం ఉంది’ అంటే, జనం తలలు ఊపి, ‘ఉండదా మరి, మా తాతల నాడే వేయించారు’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ ఎదుటివాడి మాట అర్థమైందనే ఉంది. ఒక అధ్యాయం మొత్తం ఈ ఒక్క మాట మీద నడపవచ్చు.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన కిటుకు. తెలుగులో ఒక ఆడమనిషి గురించి చెప్పినా, వస్తువు గురించి చెప్పినా ఏకవచనంలో క్రియ ఒక్కలాగే ఉంటుంది. చెట్టు కదిలింది, అమ్మ కదిలింది. సర్వనామం వేయకుండా, ‘తెల్లవారుజామున కదిలింది. అందరినీ చూసింది. మళ్ళీ పడుకుంది’ అని రాస్తే, రాసిన మీకు తప్ప అది యంత్రమో అమ్మవారో ఎవరికీ తెలియదు. ఊరివాళ్ళు దానికి పసుపు రాసి మినరోలమ్మ అనడం మొదలుపెట్టే ఘట్టానికి ముందు ఇరవై పేజీలు ఇలా నడిపి చూడండి. అది, ఆమె అనే మాటలు ఎక్కడా దొర్లకూడదు. కష్టమే, ప్రతి పేజీ మూడుసార్లు చదువుకోవాలి. కానీ ఇంత సులువుగా ఈ సందిగ్ధాన్ని ఇచ్చే భాషలో రాస్తున్నందుకు ఆ మాత్రం కష్టపడవచ్చు.

తయారు చేసినవాళ్ళు దాన్ని ఏమని పిలిచారన్న ప్రశ్న మిగులుతుంది. చెప్పకండి. వాళ్ళకు నోరు ఉందో లేదో కూడా మనకు తెలియదు. తప్పనిసరిగా చూపించాల్సి వస్తే అక్షరాల్లోకి దించకుండా జరిగినట్టు రాయండి: పొత్రం మూడు చుట్లు తిరిగి ఆగింది, గుంటలో నీళ్ళు కాసేపు వణికాయి, ఆ రాత్రి ఊళ్ళో కుక్కలు మొరగలేదు. అదే దాని పేరని మీ నాయికకు చివరికి అర్థమైతే చాలు.

పేరు ఖాయం చేసేముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో చదువు రాని పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, కథ చెబుతున్నట్టుగా ఆ పేరు నాలుగుసార్లు వాళ్ళ చెవిన వేయండి. మర్నాడు ఆ కథేమిటో మళ్ళీ చెప్పమనండి. వాళ్ళు పేరును మార్చి చెప్పారనుకోండి, దిద్దకండి, రాసుకోండి. మీరు బల్ల దగ్గర కూర్చుని పదిరోజులు ఆలోచించినా రాని అరుగుదల అది. వాళ్ళు చెప్పిన రూపం నేను చెప్పిన మినరోలు కన్నా బాగుంటే అదే వాడండి, నాకు సంతోషం.

రెండో అధ్యాయంలో అవ్వ నోట మినపరోలు అనిపించండి. అయిదులో సర్వేయరు పటం, ఏడులో శాసనపు ఎల్లలు పెట్టండి, అయితే అక్కడ శాసనం పగిలి మిన్నే వరకే అక్షరాలు కనబడాలి, తర్వాతి ముక్క పోయి ఉండాలి. పోయిన ముక్క కోసం మీ నాయిక చేను చేనూ తిరుగుతుంది. చివరికి ఎవరిదో పశువుల కొట్టం గడపగా అది దొరికి, పేడ కడిగి చూసేదాకా మిన్నేరు అనే మాట నవలలో ఎక్కడా రానివ్వకండి.